పరికరాలు సిద్ధం.. పాఠాలే కరవు
పారిశ్రామికవాడలో వైద్యుల నిరంతర విద్యకు దిక్కేది?

సంగారెడ్డి: గుండె రక్తనాళం పూడుకుపోయినప్పుడు అమర్చే స్టెంటు నుంచి రోగనిర్ధారణ కిట్ల వరకు నేడు సుల్తాన్‌పూర్ గడ్డపై తయారవుతున్నాయి. అమీన్‌పూర్ మండలంలోని ఈ గ్రామంలో సుమారు 250 ఎకరాల్లో వైద్య పరికరాల పార్కుకు 2017 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 2021 డిసెంబరులో ఒకేరోజు ఏడు పరిశ్రమలు ఇక్కడ ప్రారంభమయ్యాయి. స్టెంట్ల తయారీలో పేరొందిన సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ కూడా ఇక్కడే కర్మాగారం నెలకొల్పింది. పరికరం గుమ్మం ముందుకు వచ్చింది. దానిని వాడే చేతికి, దాని మంచిచెడ్డలను తూచే బుద్ధికి ఎప్పటికప్పుడు పదును పెట్టే ఏర్పాటు మాత్రం జిల్లాలో ఇంకా కుదురుకోలేదు.

వైద్యవిద్య పట్టా చేతికందిన నాటితో ముగిసేది కాదు. పదేళ్ల క్రితం నేర్చిన చికిత్స నేడు తప్పని తేలవచ్చు. నాడు లేని మందు, నాడు లేని పరికరం, నాడు లేని వ్యాధి నేడు ఎదురుపడవచ్చు. అందుకే వైద్యులు జీవితాంతం చదువుకోవాలన్న ఉద్దేశంతో నిరంతర వైద్య విద్య పుట్టింది. వైద్యులు వాడుకగా సీఎంఈ అని పిలుచుకొనేది దీనినే. జాతీయ వైద్య విజ్ఞాన అకాడమీ మన దేశంలో 1982 నుంచే ఈ కార్యక్రమాన్ని నడుపుతోంది. అయినా నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఈ విద్య చాలావరకు నగరంలోని సమావేశ మందిరాలనే అంటిపెట్టుకొని ఉంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వంటి పారిశ్రామిక ప్రాంతాల ఆసుపత్రులకు అవసరమైన పాఠం వేరు, ఆ మందిరాల్లో ఎక్కువగా వినిపించే పాఠం వేరు.

ఐదేళ్లకు ముప్పై గంటలు

భారత వైద్య మండలి 2002లో వెలువరించిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలపాటు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాల్లో పాల్గొనాలి. లెక్క కడితే ఏడాదికి ఆరు గంటలు, అంటే ఒక్క పనిదినం కూడా నిండదు. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకొనే సమయంలో ఈ పాయింట్లను చూపే పద్ధతి తెలుగు రాష్ట్రాల వైద్య మండళ్లలోనూ వచ్చింది.

వైద్య మండలి స్థానంలో 2020 సెప్టెంబరులో ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్ ఈ వ్యవస్థను గట్టిపరచాలని తలపెట్టింది. 2023 ఆగస్టు 2న కొత్త ప్రవర్తనా నిబంధనలను ప్రకటించి, ఐదేళ్లకు 30 పాయింట్ల నిరంతర వృత్తి వికాసాన్ని అందులో పొందుపరచింది. ఔషధ సంస్థల ప్రాయోజకత్వంతో నడిచే సదస్సులకు వైద్యులు దూరంగా ఉండాలని కట్టడి చేసింది. జనరిక్ పేర్లతోనే మందులు రాయాలన్న నిబంధనపైనా, ఇతర అంశాలపైనా వైద్య సంఘాల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో మూడు వారాలకే, ఆగస్టు 23న, వాటిని నిలిపివేసింది. 2002 నాటి నియమావళే తిరిగి అమలులోకి వచ్చింది. సంస్కరణ మొదటికి చేరింది.

గంటల లెక్కలోనే అసలు లోపం ఉంది. సదస్సుకు హాజరైనట్లు సంతకం ఉంటే పాయింటు పడుతుంది. విన్నది ఎంత, ఆచరణలోకి వచ్చింది ఎంత అన్న ప్రశ్న ఎక్కడా ఎదురుకాదు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2009లోనూ, 2021లోనూ ఈ అంశాన్ని పరిశీలించింది. విద్యా సదస్సుల వల్ల వైద్యుల ఆచరణలో కలిగే మెరుగుదల సుమారు ఆరు నుంచి ఏడు శాతం మేరకే ఉంటుందని తేల్చింది. సదస్సులు దండగ అని దీని అర్థం కాదు. ఒక్క ఉపన్యాసంతో అలవాట్లు మారిపోవని, ఆసుపత్రిలో రోజువారీ పనితో ముడిపడి, విన్నది చేస్తున్నారో లేదో మళ్లీ మళ్లీ సరిచూసుకొన్నప్పుడే చదువుకు ఫలితం దక్కుతుందని గ్రహించాలి.

పాఠం ఎవరిది.. ఖర్చు ఎవరిది?

నిరంతర విద్యకు దేశంలో ప్రత్యేకించి నిధులు కేటాయించేవారు తక్కువ. ఆ ఖాళీని ఔషధ, పరికరాల సంస్థలు పూరించాయి. మందిరం అద్దె, భోజనం, వక్తల ప్రయాణం, చివరకు సంచీ, కలం కూడా సంస్థలే సమకూర్చే ఆనవాయితీ ఏళ్ల తరబడి సాగింది. ఖర్చు పెట్టినవారి ఉత్పత్తి పేరు పాఠంలో చోటు చేసుకోవడం మానవ సహజం.

దీనికి అడ్డుకట్ట వేసే ప్రయత్నాలు జరగకపోలేదు. 2009 డిసెంబరులో వైద్య మండలి తన నియమావళిని సవరించి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం స్వీకరించరాదని నిషేధించింది. 2016లో శిక్షలను స్పష్టపరచింది. వైద్యులకు ఔషధ సంస్థలు ఇచ్చే కానుకల ఖర్చుపై పన్ను మినహాయింపు కుదరదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం ఔషధాల మార్కెటింగ్‌కు ఏకరూప నియమావళిని వెలువరించింది. దాని ప్రకారం ఔషధ సంస్థలు విదేశాల్లో వైద్య సదస్సులు నిర్వహించరాదు. వక్తలకు తప్ప ఇతర వైద్యులకు ప్రయాణ, వసతి సౌకర్యాలు కల్పించరాదు. అదే ఏడాది సెప్టెంబరులో వైద్య పరికరాల సంస్థలకూ ప్రత్యేక నియమావళి వచ్చింది.

పరికరాల విషయం మందులంత సూటిగా తేలేది కాదు. కొత్త మాత్రను చదివి తెలుసుకోవచ్చు. కొత్త స్టెంటును, కృత్రిమ కీలును, శస్త్రచికిత్స పరికరాన్ని చేతితో పట్టి నేర్వాలి. నేర్పేవారు సాధారణంగా దానిని తయారు చేసినవారే. సుల్తాన్‌పూర్ పార్కులో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తయారీదారు శిక్షణ ఇవ్వకపోతే వైద్యుడికి పరికరం తెలియదు. తయారీదారే శిక్షణ ఇస్తే దాని పరిమితులు, పోటీ పరికరాల మంచిచెడ్డలు, అసలు రోగికి అది అవసరమా లేదా అన్న ప్రశ్నలు మరుగున పడే ప్రమాదముంది.

స్టెంట్ల చరిత్రే ఇందుకు నిదర్శనం. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ సాధారణ లోహపు స్టెంటుకు రూ.7,260, మందు పూతగల స్టెంటుకు రూ.29,600 గరిష్ఠ ధర నిర్ణయించేనాటికి, మార్కెట్లో వాటిని అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్మేవారు. ధర తగ్గించడం ప్రభుత్వం చేయగలిగింది. ఏ రోగికి స్టెంటు కావాలి, ఎవరికి మందులు చాలు అన్న విచక్షణను ఏ ఉత్తర్వూ నేర్పలేదు. అది సంస్థల నీడ సోకని నిరంతర విద్య చేయవలసిన పని.

పరికరం వికటిస్తే నమోదు చేసే వ్యవస్థ కూడా చదువుతోనే ముడిపడి ఉంది. పరికరాల వల్ల కలిగే దుష్ఫలితాలను గమనించేందుకు 2015 జూలైలో భారత ఔషధ సంహిత కమిషన్ ఆధ్వర్యంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి నుంచి అమలులోకి రాగా, 2020 ఏప్రిల్ 1 నుంచి పరికరాలన్నింటినీ ఔషధాల నిర్వచనంలోకి తెచ్చారు. చట్టం సిద్ధంగానే ఉంది. వార్డులోని నర్సు, ఆపరేషన్ థియేటర్‌లోని సాంకేతిక నిపుణుడు ఆ పత్రాన్ని ఎలా నింపాలో ఎరిగి ఉంటేనే అది పనిచేస్తుంది.

కార్మికుడి జబ్బుకు పేరు పెట్టేదెవరు?

ఈ ప్రాంతంలో నిరంతర విద్య లోటు అన్నింటికన్నా ఎక్కువగా బాధించేది కార్మికుడిని. 1970వ దశకం నుంచి ఇక్కడ రసాయన, ఔషధ ముడిసరుకుల పరిశ్రమలు విస్తరించాయి. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వేలాదిమంది ఇక్కడికి పనికి వస్తున్నారు. ద్రావకాల ఆవిరి పీల్చినవాడు తలనొప్పి, తలతిరుగుడు అంటూ వస్తాడు. రసాయనం తగిలినవాడు దురద, దద్దుర్లు అంటూ వస్తాడు. దుమ్ములో పనిచేసినవాడు దగ్గుతూ వస్తాడు. మొదటివాడికి నొప్పి మాత్ర, రెండోవాడికి పూతమందు, మూడోవాడికి దగ్గు మందు ఇచ్చి పంపితే ఆ పూటకు ఉపశమనం దొరుకుతుంది. వ్యాధి మూలం మాత్రం కర్మాగారంలోనే భద్రంగా మిగిలిపోతుంది.

రోగిని పరీక్షించేటప్పుడు అతడి వృత్తి ఏమిటో తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లోనే వైద్యలోకానికి సూచించాడు. మూడు శతాబ్దాలు దాటినా ఆ ప్రశ్న మన ఓపీ చీటీలో చోటు సంపాదించుకోలేదు. ఎంబీబీఎస్‌లో వృత్తి వ్యాధులు సామాజిక వైద్యంలో ఒక అధ్యాయంగా వచ్చి వెళ్లిపోతాయి. పారిశ్రామిక వైద్యంలో మూడు నెలల ప్రత్యేక కోర్సు ఉన్నా, కర్మాగారాల్లో వైద్యాధికారులుగా చేరదలచినవారే ఎక్కువగా దానివైపు చూస్తారు. ఊరి మొదట్లో క్లినిక్ నడిపే సాధారణ వైద్యుడికి ఆ పాఠం అందదు. కార్మికుడు మొదట తలుపు తట్టేది మాత్రం అతడిదే.

జబ్బుకు సరైన పేరు పెట్టకపోతే నష్టం చికిత్సతో ఆగదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సీసం విషప్రభావం, సిలికోసిస్, విషపదార్థాల వల్ల వచ్చే కామెర్లు, రసాయనాల వల్ల కలిగే చర్మవ్యాధి సహా 29 వ్యాధులను చేర్చారు. వాటిని గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాలని 89వ సెక్షన్ నిర్దేశించింది. తెలియజేయకపోతే విధించే జరిమానా వెయ్యి రూపాయల వరకే ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఆ పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. వ్యాధుల జాబితా, తెలియజేసే బాధ్యత కొత్త స్మృతిలోనూ కొనసాగాయి. కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్షలు జరపాలన్న నిబంధన కూడా వచ్చింది. ఈఎస్ఐ పథకం కింద వైకల్య పరిహారం దక్కాలన్నా అది పనివల్ల వచ్చిన వ్యాధి అని తేలాలి. అంటే వైద్యుడి కలం నుంచి జారే ఒక్క మాటపై ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ మాట రాయడం తెలియకపోతే చట్టం ఎంత పకడ్బందీగా ఉన్నా కార్మికుడికి దక్కేది శూన్యం.

ప్రమాదాల వేళ ఈ కొరత ప్రాణాలపైకి వస్తుంది. 2024 ఏప్రిల్‌లో హత్నూర మండలం చందాపూర్‌లోని రసాయన కర్మాగారంలో పేలుడు సంభవించింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకొంది. అలాంటి వేళ క్షతగాత్రులు మొదట చేరేది పరిసరాల్లోని ఆసుపత్రులకే. ఎవరిని ముందు చూడాలి, కాలిన ఒంటికి ద్రవాలు ఎంత ఎక్కించాలి, పొగ పీల్చినవారి శ్వాసమార్గాన్ని ఎప్పుడు కాపాడాలి అన్న నిర్ణయాలు నిమిషాల్లో తీసుకోవాలి. రసాయనం మీద పడితే ధారాళంగా నీటితో కడగడం మొదటి చికిత్స. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కాలిస్తే కాల్షియం గ్లూకోనేట్ వాడాలి. ఇవి పుస్తకంలో ఉన్న సంగతులే. ఏడాదికోసారైనా సాధన చేయనివి ఆపద సమయంలో చేతికి రావు.

నీటిలో మందు.. చీటీలో మందు

పటాన్‌చెరు పేరు వైద్య పరిశోధనా పత్రికల్లోకి ఎక్కింది ఒక చేదు కారణంగా. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం, ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు వెల్లడించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన పరిమాణమిది. మందులకు లొంగని సూక్ష్మజీవుల సమస్యపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన చర్చల్లో పటాన్‌చెరు ఉదాహరణగా నిలిచిపోయింది.

నీటి కాలుష్యంపై ఇక్కడి ప్రజలు దశాబ్దాలపాటు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తూనే ఆ పోరాటానికి ముందు నడిచిన డాక్టర్ ఎ.కిషన్‌రావు, వైద్యుడి చదువు ఆసుపత్రి గోడల మధ్య ఆగిపోకూడదని తన జీవితంతో చూపారు. రోగుల ఫిర్యాదుల వెనుక చెరువును, బావిని చూడగలగడం ఆయన తరం నుంచి నేటి వైద్యులు అందుకోవలసిన పాఠం. అదే చూపుతో యాంటీబయాటిక్స్ రాయడంలో పొదుపు పాటించడం ఈ ప్రాంత వైద్యులకు రెట్టింపు అవసరం. జలుబుకు, వైరల్ జ్వరానికి అలవాటుగా రాసే మందు ఇప్పటికే మందు కలిసిన నేలపై మరో భారమవుతుంది. ఏ యాంటీబయాటిక్ ఏ సూక్ష్మజీవిపై పనిచేయడం మానేసిందో స్థానిక ప్రయోగశాల లెక్కలతో చర్చించే నెలవారీ సమావేశం, వందల మైళ్ల దూరంలో జరిగే మహాసభకన్నా మేలు చేస్తుంది.

నర్సుకు 150 గంటలు

నిరంతర విద్య అనగానే వైద్యులే గుర్తుకొస్తారు. నిబంధనలు మాత్రం ఇతరులకూ ఉన్నాయి. భారత నర్సింగ్ మండలి లెక్క ప్రకారం నర్సులు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 150 గంటల నిరంతర విద్య చూపాలి. వైద్యుడికి విధించిన దానికి ఇది ఐదు రెట్లు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు ఐదేళ్లలో కనీసం రెండు ఒకరోజు పునశ్చరణ తరగతులకు హాజరుకావాలి. ప్రయోగశాల, రేడియాలజీ సాంకేతిక నిపుణుల కోసం 2021లో ప్రత్యేక చట్టం వచ్చింది.

బరువు ఎక్కువ మోపినవారికే వెసులుబాటు తక్కువ. ప్రైవేటు నర్సింగ్‌హోంలో రాత్రి విధులు ముగించుకొన్న నర్సు, సెలవు పెట్టి, జీతం పోగొట్టుకొని, సొంత ఖర్చుతో నగరానికి వెళ్లి తరగతి వినడం సాధ్యమా అన్నది ఆలోచించాలి. వీలు కల్పించకుండా గంటలు అడిగితే మిగిలేది ధ్రువపత్రాల సేకరణే. గ్రామాల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కొత్త కార్యక్రమం వచ్చిన ప్రతిసారీ శిక్షణ పొందుతున్నారు గానీ, వారి పరిధిలోని కర్మాగారాల వల్ల వచ్చే జబ్బుల లక్షణాలు ఆ పాఠాల్లో ముఖ్యస్థానం పొందలేదు.

అవకాశం కల్పిస్తే ఫలితం ఎలా ఉంటుందో తెలంగాణకు తెలియనిది కాదు. 2017లో ఫెర్నాండెజ్ సంస్థ సహకారంతో కరీంనగర్‌లో స్టాఫ్‌నర్సులకు 18 నెలల ప్రసూతి సేవల శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చింది. ప్రసవ గదిలోనే, పర్యవేక్షణలో, నెలల తరబడి నేర్పిన చదువు కాబట్టే అది నిలబడింది.

ఇతర దేశాల్లో..

బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి ప్రతి వైద్యుడూ ఐదేళ్లకోసారి తన యోగ్యతను తిరిగి నిరూపించుకోవాలి. గంటల లెక్క ఒక్కటే చాలదు. ఏటా జరిగే మదింపులో తన పొరపాట్లు, ఫిర్యాదులు, సహచరుల అభిప్రాయం, రోగుల అభిప్రాయం కూడా చర్చకు వస్తాయి. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం ఏ సంస్థ ఏ వైద్యుడికి ఎంత ముట్టజెప్పిందో 2014 నుంచి ప్రజలందరికీ కనిపించేలా వెల్లడిస్తున్నారు. తెలుగునేల నుంచి వెళ్లి ఆ దేశాల్లో స్థిరపడిన వైద్యులు ఈ నియమాలన్నింటినీ పాటిస్తూనే పేరు తెచ్చుకొంటున్నారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యం అనుకోనక్కరలేదు.

వనరులున్నాయి.. వారధి కావాలి

సంగారెడ్డి జిల్లాకు వనరుల కొరత లేదు. 2022 నవంబరులో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ప్రైవేటు వైద్య కళాశాలలూ ఉన్నాయి. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి, పటాన్‌చెరులో ఏరియా ఆసుపత్రి నడుస్తున్నాయి. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం, వైద్య పరికరాల ఆవిష్కరణకు తోడ్పడే కేంద్రం పనిచేస్తున్నాయి. సుల్తాన్‌పూర్‌లో పరికరాల తయారీ సంస్థలున్నాయి. ఇవన్నీ ఒకే జిల్లాలో ఉండడం అరుదైన అవకాశం. వీటిని కలిపే వారధి లేకపోవడమే లోపం.

ప్రభుత్వ వైద్య కళాశాలను జిల్లా నిరంతర విద్యా కేంద్రంగా ప్రకటిస్తే సగం చిక్కు తీరుతుంది. నెలకో రోజు పటాన్‌చెరులో, మరో రోజు బొల్లారంలో, స్థానిక ఆసుపత్రుల్లో చూసిన కేసులపైనే తరగతులు పెట్టవచ్చు. పరికరాల శిక్షణకు సంస్థల ఇంజినీర్లను పిలిచినా, పాఠ్యాంశం, వక్తల ఎంపిక, హాజరు బాధ్యత కళాశాల చేతిలోనే ఉండాలి. సంస్థలిచ్చే నిధులు ఏ ఒక్క ఉత్పత్తితోనూ ముడిపడకుండా ఉమ్మడి ఖాతాలో చేరాలి. ఎవరు ఎంత ఇచ్చారో నోటీసు బోర్డులో పెట్టాలి.

ఓపీ చీటీలో 'వృత్తి, పనిచేసే విభాగం' అన్న గడిని చేర్చడానికి అయ్యే ఖర్చు అత్యల్పం. నర్సులకు విధి నిర్వహణ వేళల్లోనే, వీలైనంతవరకు తెలుగులోనే తరగతులు జరపాలి. వలస కార్మికులతో మాట్లాడేందుకు అవసరమైన హిందీ పదాలనూ నేర్పాలి. అగ్నిమాపక శాఖ, ఫ్యాక్టరీల శాఖ, ఆసుపత్రులు కలిసి ఏటా ఒక్కసారైనా సామూహిక ప్రమాద చికిత్సపై సాధన చేయాలి. చివరగా, ఎన్ని తరగతులు జరిగాయన్నది కాకుండా, ఎన్ని వృత్తి వ్యాధులను గుర్తించి తెలియజేశారు, ఎన్ని పరికరాల లోపాలు నమోదయ్యాయి, అనవసర యాంటీబయాటిక్స్ ఎంత తగ్గాయి అన్నవి కొలమానాలు కావాలి.

సుల్తాన్‌పూర్ నుంచి బయలుదేరే పెట్టెలపై తయారీ తేదీ, గడువు తేదీ ముద్రించి ఉంటాయి. వైద్యుడి గోడపై వేలాడే పట్టాకు గడువు తేదీ కనిపించదు. గడువు లేదనుకోవడం మాత్రం పొరపాటు. పారిశ్రామికవాడలో ఊపిరి బిగపట్టి పనిచేసే కార్మికుడు ఆ పొరపాటుకు మూల్యం చెల్లించకముందే జిల్లా యంత్రాంగం, వైద్య మండలి, పరిశ్రమలు మేలుకోవాలి.